ముల్లు లేని పులస

టాలీగంజ్ స్టూడియోల్లో తీసిన సినిమాల పోస్టర్ల మీద నిభాదేవి పేరు ఏనాడూ పెద్ద అక్షరాల్లో పడలేదు. హీరో పేరు, హీరోయిన్ పేరు, పాటలవాడి పేరు రాశాక అడుగున చోటు మిగిలితే ఆమె పేరు. అయినా ఆమె ముఖం తెలియని ఇల్లు కలకత్తాలో లేదు. హీరో ఎవరైనా తల్లి ఆమే. కొడుక్కి వడ్డించి, వాడు తిని లేచాక, కంచంలో మిగిలిన చేపముక్కతో తాను నాలుగు ముద్దలు తినే తల్లి.

ఆ నాలుగు ముద్దలు చూడ్డానికే ఆడవాళ్ళు మధ్యాహ్నం ఆటకు బయలుదేరేవారు. "తింటే నిభామాషీలా తినాలి. ఆవిడ నములుతుంటే మన నాలిక్కి ముల్లు తగిలినట్టుంటుందే!" అని ఒకరికొకరు చెప్పుకునేవారు. మాషీ అంటే పిన్ని. ఊరందరికీ ఆమె పిన్నే.

అలా తినే మనిషి పంతొమ్మిదో ఏట నుంచీ చేప ముట్టలేదని వాళ్ళకి తెలియదు.

నిభాదేవి అసలు పేరు నిభానని. తూర్పు బెంగాల్లోని బరిశాల్ జిల్లాలో, కాలువ గట్టునున్న ఒక పల్లెలో పుట్టింది. తండ్రి కవిరాజు, అంటే మూలికల వైద్యుడు. పదహారేళ్ళకు పక్క ఊరి బడిపంతులుతో పెళ్ళయింది. మూడేళ్ళు తిరక్కుండానే అతన్ని విషజ్వరం పట్టుకుపోయింది. చేతి శంఖు గాజులు పగిలాయి, పాపిట్లో సిందూరం చెరిగింది, తెల్లచీర వచ్చింది. చేపా, ఉల్లీ, ఎర్రపప్పూ పోయాయి. రోజుకు ఒక్కపూటే అన్నం. ఏకాదశినాడు మంచినీళ్ళు కూడా లేవు. అత్తగారు క్షీరోదసుందరి అంతకు చాలాముందే ఆ నియమంలోకి వచ్చిన మనిషి. కోడలికి ఇదిలా, అదిలా అని చెప్పలేదు. తాను చేస్తూ ఉంటే కోడలు పక్కన కూర్చుని చేసింది, అంతే.

దేశం రెండయ్యాక ఆ ఊళ్ళో వాళ్ళకు నిద్ర కరువైంది. అత్తాకోడళ్ళు స్టీమరెక్కి, రైలెక్కి సియాల్దా స్టేషన్లో దిగారు. పెద్దావిడ చెంగు ముడిలో ఇత్తడి గోపాలుడు తప్ప చేతిలో చెప్పుకోదగ్గ సామాను లేదు. ప్లాట్‌ఫారం మీద మూడు ఇటుకలు పెట్టి నిభా గుప్పెడు బియ్యం ఉడికించేది. చుట్టూ పాతచీర తెరకట్టి, మైలపడకుండా ముందు గోపాలుడికి, తరవాత అత్తగారికి, ఆఖర్న తనకి. ఆ జనంలో, ఆ బురదలో కోడలు మడి తప్పలేదని పెద్దావిడ కళ్ళారా చూసింది. అందుకే తరవాత జాదవ్‌పూర్ అవతల కాలనీలో వెదురు తడకల గది ఒకటి దొరికాక కూడా ఆవిడ కోడలి చేతి అన్నం తప్ప ఎవరి చేతిదీ ముట్టలేదు. చుట్టుపక్కలవాళ్ళు ప్రసాదం తెస్తే కళ్ళకద్దుకునేది. అన్నం మాత్రం నిభా పెట్టాలి.

సినిమా వాళ్ళే వెతుక్కుంటూ ఆ కాలనీకి వచ్చారు. కాందిశీకుల గుంపు కావాలట. మేకప్పు వేసిన వాళ్ళు కాందిశీకుల్లా కనబడటం లేదట. "ఏడవండమ్మా, గట్టిగా ఏడవండి" అంటే మిగతా ఆడవాళ్ళంతా గుండెలు బాదుకున్నారు. నిభాకు అందరి ముందూ ఏడవడం చేతకాలేదు. కూర్చుని చెంగు ముడి విప్పి, లోపల ఉన్నది ఉందో లేదో చూసుకుని, మళ్ళీ ముడేసింది. దర్శకుడు ప్రభాంశు బాబు కెమెరా వెనకనుంచి లేచి నిలబడ్డాడు.

"ఆ తెల్లచీరావిడ ఎవరు? రేపు కూడా రమ్మనండి."

మర్నాడు వెళ్ళాలంటే ఇంట్లో అనుమతి కావాలి. పెద్దావిడ జపమాల తిప్పుతూ అంతా విన్నది.

"సిందూరం పెడతారా?"

"వేషానికి పెట్టాలంటున్నారమ్మా."

"ఎర్రంచు చీర?"

"అదీ కడతారట."

పెద్దావిడ జపమాల పక్కన పెట్టింది. "పైన పూసేది రంగు. కడుక్కుంటే పోతుంది. గోపాలుడు నవ్వుకుంటాడేమో గాని కోప్పడడు. పెదవి దాటేది మాత్రం రంగు కాదు బౌమా. చేప నీ పెదవి దాటిన రోజున నీ చేతి అన్నం నా పెదవి దాటదు. అంతే చెప్తున్నా."

ఆవిడ కోడల్ని బౌమా, అంటే కోడలమ్మా, అనే పిలిచేది. ఎంత కోపంలోనూ ఆ పిలుపులోని అమ్మ పోయేది కాదు.

అలా నిభా స్టూడియో మనిషైంది. మొదట పక్కింటావిడ, తరవాత పనిమనిషి, ఇంకొన్నాళ్ళకు తల్లి. ఇరవయ్యారేళ్ళ వయసులో ఆమెకు తల్లి వేషం వేస్తే, కొడుకు వేషం వేసినవాడు ఆమెకన్నా పెద్దవాడు. "అమ్మా, నీ దీవెన కావాలి" అని అతను కాళ్ళకు దండం పెడుతుంటే ఆమె కాళ్ళు వెనక్కి లాక్కునేది. "కట్! నిభాదీ, కొడుకు దండం పెడితే పారిపోతారేం?" అని అందరూ నవ్వేవారు.

మేకప్పు చేసే అబనీదా, అంటే అబనీ అన్న, మంచి మనసున్నవాడు. మొదటిరోజు ఆమె పాపిట దగ్గర చెయ్యి పెట్టబోయి ఆగి, డబ్బా తిప్పి చూపించాడు. "దీదీ, ఇది సిందూరం కాదు. పెదాలకి పూసే రంగు. మీకు దుకాణం సిందూరం పెట్టను" అన్నాడు. ఆమె అడగలేదు. అయినా ఆమెకు ఎన్నడూ అసలు సిందూరం పెట్టలేదతను. పని అయ్యాక కొబ్బరినూనెలో దూది ముంచి తనే పాపిట తుడిచేవాడు. ఒక్క ఎర్ర చార కూడా ఇంటిదాకా వెళ్ళకూడదని కిటికీ దగ్గర వెలుగులో తల తిప్పించి మరీ చూసేవాడు. టీ తెచ్చే మనిషి కూడా అంతే. ఆమెకు గాజుగ్లాసు కాక ఎప్పుడూ కొత్త మట్టి ముంతలో పోసిచ్చేవాడు. ఇలాంటి మనుషుల మధ్య ఆమె రోజులు గడిచాయి.

చేప సంగతి ప్రభాంశు బాబు సినిమాలోనే వచ్చింది. కథలో కొడుక్కి ఉద్యోగం దొరికి, మొదటిసారి ఇంటికి పులస తెస్తాడు. తల్లి ముక్కలన్నీ వాడికే వేస్తుంది. వాడు వెళ్ళాక వాడు వదిలేసిన వీపు ముక్క ఒక్కటి తను తింటుంది. మాటల్లేవు. ఆకలి కనబడాలి, సంతోషం కనబడాలి.

"చేప తిననండి" అంది నిభా.

"తినకపోతే సీనేముంది?" అన్నాడు ప్రభాంశు బాబు. "నోట్లో పెట్టుకో. కట్ అనగానే ఉమ్మేసెయ్."

"పెదవి దాటితే దాటినట్టే బాబూ."

"నిభా, ఈ ఒక్క సీను కోసం సినిమా తీస్తున్నా. నువ్వు కాదంటే ఇంకో ఆవిణ్ణి పిలవాలి. నిన్ను బాధపెట్టాలని కాదు."

ఆమె తల వంచుకుంది. "పిలవండి బాబూ. నేనేమీ అనుకోను."

సెట్లో సామాన్లు అమర్చే నకుల్‌దా అంతదాకా గోడకానుకుని వింటున్నాడు. నదియా జిల్లా వైష్ణవుడు, మెడలో తులసి పూసలు. మెల్లిగా ముందుకొచ్చాడు.

"బాబూ, మీ కెమెరాకి కళ్ళున్నాయి. ముక్కుందా?"

"ఏమిటి నీ గోల?"

"ముక్కు లేదు కదండీ! అయితే కాసేపు ఆగండి. పులసని నేను ఈదిస్తా."

స్టూడియో వెనక అరటిచెట్లున్నాయి. నకుల్‌దా కుళాయి కింద స్నానం చేసి, తడిబట్టతోనే రెండు కాయలు కోశాడు. కొత్త కుండ తెప్పించి, వేరే పొయ్యి పెట్టాడు. ఉడికిన కాయని చేపముక్క ఆకారంలో చెక్కి, మిఠాయి మీద వేసే వెండిరేకు ఒక పక్క అంటించాడు. దాని మీద ఆవపిండి పులుసు, నిలువునా చీరిన పచ్చిమిర్చి. ముక్క మిలమిలా మెరిసింది. పద్మానదిలోంచి అప్పుడే లేచివచ్చినట్టుంది.

"అరటికాయ, ఆవాలు, ఉప్పు, మిర్చి. గోపాలుడికి నైవేద్యం పెట్టినా తప్పులేదు తల్లీ. తిను."

ముందురోజు ఏకాదశి. నిభా నీళ్ళు కూడా తాగలేదు. అందుకని ఆకలి నటించే పని పడలేదు. ముక్క చిదిమి, అన్నంలో కలిపి, కళ్ళు సగం మూసి తిన్నది. ప్రభాంశు బాబు కట్ అనడం మరిచిపోయాడు. దీపాలు పట్టే ముసలాయన భుజం మీది గుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు.

సినిమా విడుదలైంది. జనం విరగబడ్డారు. కాలనీలో ముందుగా చూసొచ్చింది పక్కగది పూటీ వాళ్ళమ్మ. ఆవిడ నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. చేతిపంపు దగ్గర క్షీరోదసుందరి బిందె నింపుకుంటుంటే మొదలుపెట్టింది.

"పెద్దమ్మా, మీ కోడలు ఎంత బాగా తిందో! నాకే నోరూరిపోయిందనుకోండి. ఇన్నేళ్ళు మొహం వాచి ఉంది కదా పాపం, తింటే తప్పేముందిలెండి!"

"ఏం తింది?"

"అదేం ప్రశ్న! పులస. ముక్క తళతళలాడుతోంది. హాలంతా ఏడుపే."

పెద్దావిడ బిందె నిండకుండానే ఎత్తుకుని వచ్చేసింది. నిభా ఆకు వేసి, నీళ్ళు చల్లి, గోపాలుడికి ఆరగింపు అయిందని పిలిచింది.

"నాకు వడ్డించకు."

"ఒంట్లో బాగాలేదా అమ్మా?"

"ఒళ్ళు బాగానే ఉంది. చేప తిన్నావా?"

నిభా గరిటె దించింది. "అరటికాయమ్మా. నకుల్‌దా మడిగా వండాడు."

"అరటికాయ తళతళలాడుతుందా?"

"వెండిరేకు అంటించాడు."

"ఊరంతటికీ చేప కనబడింది. నీ ఒక్కదానికీ అరటికాయ కనబడింది. బాగుంది." ఆవిడ గొంతు పెంచలేదు. గోడవైపు తిరిగి జపమాల అందుకుంది.

ఆ రోజు అటుకులు నానబెట్టుకుని తిన్నది. మర్నాడూ అంతే. నిభా వండి, గోపాలుడికి పెట్టి, ఆ అన్నం వీధి ఆవుకు వేసేది. అత్తగారు తినని చోట తనకెలా దిగుతుంది? రెండు పక్కలా ఇద్దరూ చిక్కిపోతున్నారు. మాటల్లో కటువు లేదు. "నీళ్ళు తాగు బౌమా, ఎండలో పడి వచ్చావు" అనేది పెద్దావిడ. తాను మాత్రం కోడలి చేతి నీళ్ళు పుచ్చుకునేది కాదు.

ఆఖరికి ఒకరోజు చిన్న మూట కనబడింది. జపమాల సంచి, ఒక తెల్లచీర, చిన్న చెంబు.

"నవద్వీపంలో మనూరి వాళ్ళ మఠం ఉంది. పొద్దున్నా సాయంత్రం కీర్తన పాడితే పిడికెడు బియ్యం ఇస్తారట. గోపాలుణ్ణి నీ దగ్గరే ఉంచుతాలే."

నిభా ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుంది. "సినిమాలు మానేస్తానమ్మా. అప్పుడు తింటారా?"

"మానేస్తే మింగింది వెనక్కొస్తుందా?"

నిజం చెప్పడం తప్ప నిభాకు ఇంకే దారీ లేదు, ఆ నిజాన్ని నమ్మేవాళ్ళు లేరు. అన్నం కోసం సినిమాల్లో చేరింది; ఇప్పుడు ఆ అన్నం తినే మనిషే వెళ్ళిపోతోంది.

ఆ మాట అబనీదా ద్వారా నకుల్‌దా చెవిన పడింది. ఆదివారం పొద్దున్నే, ఉతికిన పంచె కట్టుకుని, చేతిలో తులసిదళాలతో గుమ్మం ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"పెద్దమ్మా, నేను సేద్యం కులంవాణ్ణి, మీ వంటింటి గడప తొక్కను. ఈ పూసలు మా గురువుగారు కట్టారు. వీటి మీద చెయ్యివేసి చెప్తున్నా. అది అరటికాయ. నా చేత్తో కోశాను, నా చేత్తో వండాను."

పెద్దావిడ లేచి వచ్చింది. అతనికి మంచినీళ్ళు, రెండు బతాసాలు పెట్టింది. "పూసల మీద చెయ్యి వేశావు గనక నీ మాట తీసిపారెయ్యను నాయనా. ఒక్కసారి చూస్తాను. ఆ సినిమా అనేది నా కళ్ళతో చూసి, తరవాత నా దారి నేను చూసుకుంటా."

ఆవిడ పుట్టి బుద్ధెరిగి సినిమా హాలు గడప తొక్కలేదు. తోడుగా పూటీ వాళ్ళమ్మ తమలపాకుల డబ్బాతో సహా బయలుదేరింది. మధ్యలో పెద్దావిడ, ఇటు నిభా, అటు పూటీ వాళ్ళమ్మ. దీపాలు ఆరిపోగానే పెద్దావిడ కళ్ళు మూసుకుని జపం మొదలుపెట్టింది. పాటలు వచ్చాయి, పోయాయి. ఎవరో ఎవరినో కొట్టారు. ఆవిడ కళ్ళు తెరవలేదు.

"పెద్దమ్మా, ఇప్పుడే! చూడండి, చూడండి!" పూటీ వాళ్ళమ్మ మోచేత్తో పొడిచింది.

ఆవిడ కళ్ళు తెరిచింది. తెర నిండా నిభా. ఎర్రంచు చీర, పాపిట నిండా రంగు, చేతులకు శంఖు గాజులు. నిభా తెరవైపు చూడలేదు, అత్తగారి ముఖం వైపే చూస్తోంది. ఆ ముఖం ఒక్క క్షణం పసిపిల్ల ముఖంలా అయింది. కొడుకు బతికి ఉన్ననాటి కోడలు అక్కడ కూర్చుని ఉంది మరి. చెంగు తీసి కళ్ళద్దుకుంది.

తెరమీద తల్లి కంచం దగ్గరికి లాక్కుంది. ముక్క మెరిసింది. హాల్లో ఎక్కడో వెక్కిళ్ళు మొదలయ్యాయి. తల్లి ముక్క చిదిమి, అన్నంలో కలిపి, ముద్ద నోట్లో పెట్టుకుంది.

అప్పుడు పక్కనుంచి ఒక శబ్దం వచ్చింది. ఏడుపనుకుంది. కాదు. పెద్దావిడ చెంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది. భుజాలు కదిలిపోతున్నాయి. ముందు వరుసలోవాళ్ళు వెనక్కి తిరిగి "ఇదేం మనిషమ్మా, రాతిగుండె!" అన్నారు.

"పెద్దమ్మా, ఏమైంది?" పూటీ వాళ్ళమ్మ హడలిపోయింది.

"ఇంటికి పదండి" అంది ఆవిడ, నవ్వు ఆపుకోలేక.

రిక్షాలో మధ్యమధ్య ఆవిడ భుజాలు కదిలేవి. నిభా ఏమీ అడగడానికి జంకింది. ఇంటికొచ్చాక ఇద్దరూ కాళ్ళు కడుక్కున్నారు. పెద్దావిడ వంటగది ముందు పీట వాల్చుకుని కూర్చుంది.

"బౌమా, నువ్వు తిన్నది ఏ ముక్క?"

"కథలో వీపు ముక్కమ్మా."

"వీపు ముక్క! పులస వీపు ముక్కలో ముళ్ళెలా ఉంటాయో బరిశాల్లో పాలు తాగే పిల్లనడిగినా చెప్తుంది. దాన్ని నువ్వు సందేశ్ మిఠాయి మింగినట్టు గుటుక్కున మింగావు! ముద్ద మీద ముద్ద, ముల్లు తియ్యవు, నాలిక తిప్పవు. నిజం చేపైతే ముల్లు గొంతులో దిగి ఈపాటికి ఆసుపత్రిలో ఉండేదానివి. ఈ కలకత్తా వాళ్ళంతా కళ్ళు పెట్టుకుని ఏం చూశారే? అది చేపెట్లా అవుతుంది!"

మళ్ళీ నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు వస్తూనే ఉన్నాయి.

"మా ఇంటికొచ్చిన కొత్తలో పిల్లికన్నా నీటుగా తినేదానివి. ముళ్ళన్నీ కంచం అంచున దువ్వెన పళ్ళలా పేర్చేదానివి. మా వాడు నన్ను పిలిచి చూపించేవాడు, అమ్మా, నీ కోడలి పనితనం చూడూ అని." ఆవిడ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "మరిచిపోయావు కదే. నీ ఒంటికి ఆ తినడమే గుర్తులేదు. నేను నిన్ను అనుమానించాను తల్లీ."

"అమ్మా, అలా అనకండి."

"సరే. ఆ సినిమావాళ్ళు మళ్ళీ ఈ చేపముక్క పెడతారా?"

"తల్లి వేషం అంటే పెడతారేమోనమ్మా."

"పెడితే ఇలా తిని మన పరువు తియ్యకు. అవతలి గట్టు నుంచి మనలా వచ్చినవాళ్ళు చూస్తే ఈవిడ ఏ ఊరి మనిషే అంటారు. ఆ కంచం ఇలా తే."

నిభా ఖాళీ కంచుకంచం తెచ్చి ముందు పెట్టింది. పెద్దావిడ కుడిచెయ్యి కడుక్కుని, ఏమీ లేని కంచంలో చెయ్యి పెట్టింది.

"ఇదిగో, ముందు బొటనవేలితో ఇలా నొక్కు. పెద్ద ముళ్ళు ఇక్కడే చేతికి తెలుస్తాయి. లాగి పక్కన పెట్టు. ఇప్పుడు ముద్ద చిన్నది చెయ్యి, పెద్దది కాదు. నోట్లో వేసుకున్నాక వెంటనే నమలకు. నాలికతో అడుగు. సన్నముల్లు తనే చెప్తుంది. ఇలా మూలకి తోసి, పెదవి చివర్నుంచి రెండు వేళ్ళతో... చూశావా? అంచున పెట్టు. తొందరేముంది, పులస పారిపోతుందా?"

ఆవిడ చేప మాని ముప్పయ్యేళ్ళ పైనే అయింది. వేళ్ళు మాత్రం నిన్న తిన్నట్టు కదిలాయి. ఖాళీ కంచం అంచున లేని ముళ్ళు వరసగా పడుతుంటే నిభా కూడా చెయ్యి కడుక్కుని ఎదురుగా కూర్చుంది. ఇద్దరు తెల్లచీరల ఆడవాళ్ళు ఒకే కంచంలో లేని చేప తింటున్నారు. మూలనున్న ఇత్తడి గోపాలుడు వెన్నముద్ద పట్టుకుని చూస్తూ ఉన్నాడు.

"ఆఁ, ఇప్పుడు వచ్చింది" అంది పెద్దావిడ. కంచం పక్కకు జరిపి, "అన్నం ఉందా?"

"గోపాలుడికి పెట్టింది ఉందమ్మా. చల్లారిపోయింది. వేడిగా వండనా?"

"చల్లారితే ఏం? నువ్వు వండిందేగా. వడ్డించు, ఆకలేస్తోంది."

నిభా వడ్డించింది. సొరకాయ కూర, కొంచెం నెయ్యి, ఉప్పు. పెద్దావిడ మొదటి ముద్ద కళ్ళకద్దుకుని నోట్లో పెట్టుకుంది. గుమ్మం దగ్గర నవద్వీపం మూట అలాగే ఉంది. తిన్నాక తనే విప్పి, చీర తాడు మీద వేసింది.

ఆ తరవాతి ఏడు ఇంకో సినిమాలో మళ్ళీ చేపముక్క వచ్చింది. నకుల్‌దా మళ్ళీ స్నానం చేసి, కొత్త కుండ పెట్టి, అరటికాయ పులస చేశాడు. కెమెరా తిరుగుతోంది. నిభా ముక్క నొక్కింది. చిన్న ముద్ద చేసింది. నాలిక తిప్పి, పెదవి చివర్నుంచి రెండు వేళ్ళతో సన్నగా ఒకటి లాగి కంచం అంచున పెట్టింది. మళ్ళీ ఒకటి. కెమెరా వెనకాల నకుల్‌దా ముఖం పాలిపోయింది. గబగబా పొయ్యి దగ్గరికి వెళ్ళి కుండలో చెయ్యిపెట్టి కెలికి చూశాడు. కట్ అనగానే పరుగున వచ్చాడు.

"తల్లీ, నా తులసి పూసల సాక్షిగా నేను వెయ్యలేదు. అరటికాయలో ముల్లెలా వచ్చింది?"

నిభా చెంగుతో పెదవి తుడుచుకుంది.

"కంగారుపడకు నకుల్‌దా. అవి మా అత్తగారు వేశారు."